ఉల్లిగడ్డ పంచనామా

మే 22, 1949. ఆదివారం

ఈ డైరీని దొంగతనంగా చదివినవాళ్ల కళ్లు పోతాయని ఇందుమూలంగా శపిస్తున్నాను. మా నాన్న కళ్లు ఇప్పటికే పోతున్నాయి. కావలికారు మల్సూరుకు అక్షరాలు రావు. కాబట్టి నా శాపానికి పెద్దగా పని ఉండదు.

హైదరాబాదులో బి.ఏ. పరీక్ష రాసి ఊరికొచ్చి నెలయింది. ఫలితాలు వచ్చేలోగా ఆంధ్రదేశానికి ఒక గొప్ప డిటెక్టివ్ నవల ప్రసాదించాలని నిశ్చయించాను. పేరు ‘రోహిణి కార్తెలో హత్య’. మూడు ప్రకరణాలు అయ్యాయి. ఇంకా హత్య జరగలేదు, కానీ అందరికీ చెమటలు బాగా పోశాయి.

బెజవాడ నుంచి కోదాడ మీదుగా బస్సులో వచ్చే డిటెక్టివ్ నవలలన్నీ చదివాను. అన్నిటికీ ఒకటే జబ్బు. హత్య జరగాలంటే వాన పడాలి, లేదా మంచు కురవాలి. మా సూర్యాపేట తాలూకాలో మంచు కోసం ఆగితే ఒక్క హంతకుడికీ పని దొరకదు. ఇంగ్లీషువాళ్లు కొందరు ఎండాకాలాన్ని వాడుకున్న మాట నిజమే. కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, అందరికీ కోపం ముక్కు మీద ఉంటుంది, నిమ్మరసంలో ఎవడో ఏదో కలుపుతాడు. వాళ్ల ఎండంటే మన మాఘమాసం. ఆ మాత్రానికే బంగళాలో ముగ్గురు చస్తారు. ఆ లెక్కన మన ఎండకు ఊరు ఖాళీ కావాలి.

ఇంకొక సూక్ష్మం. పుస్తకాల్లో డాక్టరు శవం మీద చెయ్యి వేసి, ‘చల్లబడింది, ప్రాణం పోయి ఆరు గంటలయింది’ అంటాడు. మా ఊళ్లో బతికున్నవాళ్లే చల్లబడటం లేదు. ఇక శవం సంగతి చెప్పాలా? హంతకుడికి ఇంతకంటే అనువైన రుతువు లేదు.

మా నాన్న ఈ ఊరికి పోలీసు పటేలు. ఊళ్లోని చావులూ దొంగతనాలూ కాగితం మీద పెట్టి పైకి పంపడం ఆయన పని. డిటెక్టివ్ రచయిత పుట్టడానికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. దురదృష్టం ఏమిటంటే, మా ఊరివాళ్లు మర్యాదస్థులు. రోగాలతోనే చస్తారు.

మే 24

ఏమీ రాయలేదు. సీసాలో సిరా ఎండిపోయింది. ఇది అలంకారం కాదు.

మే 25

రోహిణి వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు గదా అని పొద్దున మా ఇంటి రోలును పరీక్షించాను. పగల్లేదు. మనుషులే పగిలారు.

తండా దేవ్‌సింగ్ తన ఆవుల్ని తోలుకొచ్చి నాగయ్య మోటబావి కాలవ దగ్గర నిలబెట్టాడు. నాగయ్య ములుగర్ర ఎత్తి తరిమాడు. నేను చింతచెట్టు కింద నవల రాస్తూ విన్నాను.

“బాయిల బురద తప్ప ఏం మిగల్లే. నీ గొడ్లకు ఏడికెల్లి తేవాలె? నడు, నడు!”

“దూపకు సస్తున్నయ్, నాగయ్యా. ఒక్క బొక్కెన.”

“సుక్క గూడ లేదు పో!”

“నా గొడ్లు సచ్చినట్టే నువ్వు గూడ దూపకు సస్తవ్, సూడు!”

సంభాషణ చాలా సహజంగా ఉంది. నాలుగో ప్రకరణంలో వాడుకోవాలి.

మే 26

ఇవాళ మధ్యాహ్నం నాగయ్య చనిపోయాడు.

మల్సూరు పరుగెత్తుకొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. “పటేలా, మోట నాగయ్య సచ్చిండు. పేట తొవ్వల, యాప కింద.”

నాన్నతో పాటు వెళ్లాను. నాగయ్య పొద్దున్నే సూర్యాపేటకు కూరగాయల గంప ఎత్తుకుపోయి, ఎండలో తిరిగొస్తూ పడిపోయాడట. పక్కకు ఒరిగి ఉన్నాడు. నుదుటి మీద దెబ్బ, పక్కనే రాయి. రొండిన, ధోతి మడతలో, సగం ఉల్లిగడ్డ. వడగాడ్పుకు బయలుదేరేవాళ్లు మా వైపు ఉల్లిగడ్డ దగ్గర పెట్టుకుంటారు. ఆడవాళ్లంతా దూరంగా పొలం గట్టున ఉన్నారు. నాగయ్య భార్య బాలమ్మ అక్కడ నేలకు తల బాదుకుంటోంది. పంచనామా జరిగే చోటికి ఆడవాళ్లను రానివ్వరు.

“వడదెబ్బ,” అన్నాడు నాన్న. అయిదుగురు పంచులు తలలు ఊపారు. ఇరవై ఏళ్ల నుంచి నాన్న పద్ధతి ఒకటే. తెల్లకాగితం అడుగున ముందు పంచుల వేలిముద్రలు పడతాయి. పైన మేటరు ఇంటికి పోయి నింపుతాడు. పనులున్నవాళ్లను ఎండలో నిలబెట్టడం ఎందుకు? నిశాని పెట్టి, వేలు ధోతికి తుడుచుకుని వెళ్లిపోయారు.

నాన్నకు ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. కాగితాలింకా ఉర్దూలోనే పోతున్నాయి. కాబట్టి రాసేది నేను. “వడదెబ్బకు సచ్చిండని రెండు ముక్కలు రాయి, దశరథా,” అని చెప్పి నాన్న పడుకున్నాడు.

రెండు ముక్కలా? బి.ఏ. చదివినవాణ్ణి.

ఉల్లిగడ్డను రుమాలులో చుట్టి తెచ్చాను. బల్ల మీద పెట్టి చూశాను. తెల్లవారుజామున ఇల్లు వదిలిన మనిషి రొండిన మిట్టమధ్యాహ్నం దాకా ఉన్న ఉల్లిగడ్డ ఎలా ఉండాలి? ఒడిలి, ముడుచుకుపోయి ఉండాలి. ఇది తాజాగా ఉంది. తెగిన వైపు రసం ఇంకా తడిగానే ఉంది. నా వెన్నులో నీళ్లు పారాయి. ఈ కార్తెలో నీళ్లు పారిన ఏకైక చోటు అదే.

అంటే ఉల్లిగడ్డ నాగయ్య పెట్టుకున్నది కాదు. అతను పడిపోయిన తరువాత, వడదెబ్బ అని నమ్మించడానికి ఎవరో పెట్టింది. నుదుటి దెబ్బకు రాయి కారణం కాకపోవచ్చు. ‘దూపకు సస్తవ్’ అని నిన్ననే ఊరంతా వినేలా అరిచింది ఎవరు?

అదంతా పదిహేడు వాక్యాల్లో రాశాను. ఇంత చక్కని ఉర్దూ ఈ తాలూకా నుంచి ఎప్పుడూ పైకి పోయి ఉండదు. సాయంత్రం నాన్నకు వినిపించబోతే, “రాసినవ్ గద, ముద్ర కొట్టు,” అన్నాడు. కొట్టాను. మల్సూరు తీసుకుపోయాడు. పోయినేడు నిజాం పాలన కూలిన గడబిడ తరువాత చావు కాగితాలన్నీ ముందు మిర్యాలగూడ పోలీసు క్యాంపు చూస్తుంది.

ఉల్లిగడ్డను సొరుగులో దాచాను. మీద చీటీ: ఎగ్జిబిట్ నంబర్ ఒకటి.

మే 27

నవల మొదటి ప్రకరణాలు బెజవాడ పంపడానికి కోదాడ వెళ్లాను. బస్సు సీటు మీద దోసె వేసుకోవచ్చు.

కోదాడలో పుస్తకాల కొట్టాయన కుండలో మంచినీళ్లు ఇచ్చి మర్యాద చేశాడు. ఆయనది నందిగామ వైపు, మాటంతా ‘అండి’ల మీద నడుస్తుంది. ఊరుకోలేక ఉల్లిగడ్డ సిద్ధాంతం మొత్తం వివరించాను. నేను ఆశించినట్టు చప్పట్లు కొట్టలేదు.

“కాగితం పంపేశారాండీ?”

“పంపేశాం.”

“క్యాంపుకాండీ?”

“క్యాంపుకే.”

“పేరు కూడా రాశారాండీ?”

“పేరు లేకుండా అనుమానం ఎలా రాస్తారండీ?”

ఆయన “భోజనానికెళ్లాలండీ,” అంటూ కొట్టు తలుపులు వేసేశాడు. అప్పటికింకా పదకొండు కాలేదు. ఎండకు కాబోలు.

మే 28

నిన్న నేను కోదాడలో ఉండగానే తండాకు జీపు వచ్చిందట. దేవ్‌సింగ్‌ను తీసుకుపోయారు.

నా కాగితం ఇంత వేగంగా పనిచేస్తుందని అనుకోలేదు. ఇందులో భయపడేదేమీ లేదు. నిర్దోషి అయితే విచారించి వదిలేస్తారు. విచారణ ఉన్నది అందుకే.

పొద్దున నుంచి ఒక ఆడమనిషి మా ఇంటి ఎదుట కూర్చుంది. గోడ నీడ రెండు బారల దూరంలో ఉంది. నీడలో కాదు, ఎండలో కూర్చుంది. దేవ్‌సింగ్ భార్య భూలి.

మే 29

భూలి మళ్లీ వచ్చింది. అదే చోటు. ఆమె చేతుల నిండా దంతపు గాజులు ఎండకు మెరిసి, అరుగు మీద కూర్చుంటే కళ్లలో గుచ్చుకుంటున్నాయి. అరుగు మీద కూర్చోవడం మానేశాను.

మల్సూరుతో చెంబు నీళ్లు పంపాను. తీసుకుని, మా గుమ్మం ముందు నేల మీద నెమ్మదిగా ఒంపింది. మట్టి చుంయ్‌మని తాగేసింది.

చివరికి నేనే వెళ్లాను. గొడుగు వేసుకుని వెళ్లాను. ఇప్పుడు రాస్తుంటే ఆ గొడుగు మాట మింగుడు పడటం లేదు.

“నువ్వే రాసినవట గద, సిన్న పటేలా?”

“నేను అనుమానం మాత్రమే రాశాను.”

“ఉల్లిగడ్డ పెట్టిండని రాసినవట.”

“ఎవరో పెట్టారని...”

“మా ఆయిన ఉల్లిగడ్డ ముట్టడు. పిల్లగాడు సచ్చిన కాడికెల్లి మా దేవుడు సేవాభాయాకు మొక్కు. ఆరేండ్లాయె. నేను కూరల ఏస్తే సట్టి అవతల పారేస్తడు. అసొంటోడు ఉల్లిగడ్డ పట్కొని ఇంకోని రొండిన పెడ్తడా?”

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పుస్తకాల్లో హంతకుల భార్యలందరూ ఇలాంటిదే ఏదో చెబుతారు. ఆ మాట పైకి అనలేదు. ఆ మాత్రం మర్యాద నాకుంది.

నిర్దోషి అయితే వదిలేస్తారు.

మే 30

వచ్చింది. కూర్చుంది.

మల్సూరు చెప్పాడు: “గా క్యాంపుకు పోయి మల్ల వచ్చినోన్ని నేనైతే సూడలే, సిన్న పటేలా.”

వాడి చూపు సన్నం. అందరినీ చూసి ఉండడు.

మే 31

ఇవాళ చేసిన పని అయిదు రోజుల కింద చేయాల్సింది. బాలమ్మ ఇంటికి వెళ్లాను. నాగయ్య పొద్దున ఎన్ని గంటలకు బయలుదేరాడో తెలుసుకుని నా సిద్ధాంతాన్ని ఇంకా బిగిద్దామని. నిజం అదే. డైరీలో కూడా అబద్ధం చెబితే ఇక ఎక్కడ చెప్పకుండా ఉండాలి?

బాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అడిగిన దానికి జవాబు చెప్పి, తనంతట తానే అంది:

“ఎండ మీదికొస్తుందని అంబలి ముంత పట్కొని ఎదురు పోయిన. యాప కింద పడి ఉన్నడు. రాయి తగిలి నెత్తురు కారుతున్నది. ఇంకా పానం ఉండె. ఉల్లిగడ్డ నా కొంగుల ఉంటే రాయితోని రెండు చెక్కలు జేసి అరికాళ్లకు రుద్దిన, అరిచేతులకు రుద్దిన. ఒక చెక్క రొండిన పెట్టి, మనుషులను పిల్సుకొద్దామని సెల్కల దిక్కు ఉరికిన. వచ్చేసరికి మీరంత ఉన్నరు. ఆడోళ్లు ఆగుమన్నరు.”



“ఈ మాట ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవలడిగిన్రు?”

కొంగు ముడి విప్పింది. రెండో చెక్క. ఒడిలి, ఎండిన తోలులా ఉంది. ఇంటికి తెచ్చి ఎగ్జిబిట్ నంబర్ ఒకటి పక్కన పెట్టాను. సొరుగులో అదీ ఒడిలిపోయింది. రాయితో కొట్టిన అంచులు వంకరటింకరగా ఉన్నాయి. రెండూ దగ్గర చేర్చాను. అతుక్కున్నాయి.

నాన్నకు చెప్పాను.

“పదిహేడు మాటలు రాసినవా?”

“వాక్యాలు.”

“పంచులకు తెల్వదు, నాకు తెల్వదు. ముద్ర నాది. ఇప్పుడు మార్సితే అబద్ధం రాసినమని ఒప్పుకున్నట్టే గద. పటేల్‌గిరి పోతే పోనీ. మనలను గూడ గాడికే తీస్కపోతరు, బిడ్డా.”

బిడ్డా అన్నాడు. నాకు మీసాలొచ్చిన తరువాత అలా అనడం ఇదే మొదలు.

జూన్ 1

క్యాంపుకు వెళ్లలేదు. జ్వరం వచ్చినట్టుంది. నుదురు పట్టుకుని చూస్తే వేడిగా ఉంది. అన్నీ వేడిగానే ఉన్నాయి.

ఆమె కూర్చునే ఉంది.

జూన్ 2, ఉదయం

రాత్రంతా ఆలోచించి తెల్లవారగానే రెండో కాగితం రాశాను. ఈసారి రాసింది ముందు చదివి వినిపించాను, తరువాత వేలిముద్రలు తీసుకున్నాను. అయిదుగురు పంచులూ, ఆరో ముద్ర బాలమ్మది. “ఆడిదాని నిశాని ఎవలు సూస్తరు?” అన్నాడొక పంచు. బాలమ్మ వాడి మాట వినకుండా బొటనవేలు గట్టిగా అద్దింది. నాన్న ముద్ర కొట్టాడు.

రెండు చెక్కలూ రుమాలులో కట్టుకున్నాను. గుమ్మం దిగుతుంటే భూలి తలెత్తింది.

“తీసుకొస్తాను,” అన్నాను.

పటేలు కొడుకు నోటి నుంచి వచ్చిన మాట. ఆమె నమ్మిందో లేదో తెలియదు. కానీ ఎండలోంచి జరిగి గోడ నీడలోకి వచ్చింది.

జూన్ 3

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వరుసగా రాస్తాను. వరుస తప్పితే రాయలేను.

దారిలో మూసీలో నీళ్లు లేవు. మిర్యాలగూడలో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. క్యాంపు గది కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి, మనిషిని పెట్టి నీళ్లు చల్లిస్తున్నారు. లోపల చల్లగా, కమ్మగా ఉంది. వారం రోజుల్లో నాకు చలి వేసింది అక్కడే.

ఆఫీసరు ఎక్కడికో వెళ్లాడట. రాతకోతలు చూసే మున్షీ ఉన్నాడు. పెద్దమనిషి, తెల్లటి షేర్వానీ. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“దశరథ సాబ్ మీరేనా? మీ కాయితం సదివినం. మాషాల్లా, ఏం ఖత్తు, ఏం చేతిరాత! ఆఫీసరు సాబుకు రెండుసార్లు సదివి ఇనిపించిన.” షర్బత్ తెప్పించాడు.

రెండో కాగితం ఇచ్చాను. రుమాలు విప్పి చెక్కలు పెట్టి, అతికించి చూపించాను. బాలమ్మ చెప్పిందంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాడు.

“రెండూ మీ రాతే. ముద్ర గూడ ఒకటే. ఒకటి అబద్ధం. అబద్ధం రాసినోనికి ఏం శిక్షనో మీకెర్కే. సదువుకున్నరు.”

“నాకేమైనా ఫరవాలేదు. దేవ్‌సింగ్‌ను వదలండి.” ఈ వాక్యం నేను నిజంగానే అన్నాను. గొప్పకు రాసుకోవడం లేదు.

“అయ్యో, సాబ్.” మున్షీ మీసం తుడుచుకున్నాడు. “జర లేటయింది.”

గది వెనక రేకుల షెడ్డు. రేకులు టపటపమంటున్నాయి. గోనె మీద దేవ్‌సింగ్. మొహం మీది గుడ్డ మున్షీయే తీశాడు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. రెండు మణికట్ల చుట్టూ తాడు లోతుగా దిగిన గుర్తులు. అరికాళ్లు నేను చూడగానే మున్షీ గోనె కప్పేశాడు.

“పొద్దుగాల పానం పోయింది. ఎండలు సూస్తున్నరు గద. వడదెబ్బ.”

దూపకు సస్తవ్ అన్నాడు పాపం, నాగయ్యను.

“పంచనామా కావాలె. మా కాడ మీ అసొంటి ఖత్తు ఎవలకు లేదు.” కాగితం తీశాడు. అడుగున అయిదు వేలిముద్రలు అప్పటికే పడి ఉన్నాయి. పైన అంతా తెలుపు. ఆ పద్ధతి నాకు తెలుసు. మా ఇంటి పద్ధతే అది.

తరువాత మున్షీ బల్ల మీది రెండు చెక్కల్లో ఒకటి తెప్పించాడు. వంగి, దేవ్‌సింగ్ ధోతి మడతలో జాగ్రత్తగా దోపాడు.

“తాజాగ ఉంటే అనుమానమని మీరే రాసిన్రు. ఇది మంచిగ ఒడిలింది. ఇగ ఏ అనుమానం ఉండది. మీ నాయినకు గూడ ఏ పరేషాన్ ఉండది. మీ రెండో కాయితం నా కాడనే ఉంటది.”

నలభై పుస్తకాలు చదివాను. ఒక హత్యను ఇంత స్పష్టంగా, ఇంత దగ్గర నుంచి, హంతకుడి పక్కనే నిలబడి చూసిన డిటెక్టివ్ ఏ పుస్తకంలోనూ లేడు. ఆరేళ్లుగా ఉల్లిగడ్డ ముట్టని మనిషి రొండిన ఉల్లిగడ్డ. క్లూ నా ఇంటి నుంచే వెళ్లింది.

రాశాను.

రెండు ముక్కలు రాశాను. వడదెబ్బకు మరణించాడు. రొండిన ఒడిలిన ఉల్లిగడ్డ ఉంది. నాన్న మొదట చెప్పినట్టు రెండంటే రెండే.

శవాన్ని వాళ్లే అక్కడ ఎక్కడో కాల్చేశారు. ఎక్కడో చెప్పలేదు. మిగిలిన చెక్కను మున్షీ మర్యాదగా రుమాలులో చుట్టి నాకు ఇచ్చాడు.

ఇవాళ పొద్దున ఊరు చేరాను. భూలి గోడ నీడలోనే ఉంది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. తొవ్వ చివరిదాకా చూసింది.

“సూసినవా?”

“చూశాను.”

“ఎట్లుండె?”

వడదెబ్బ అని చెబుదామనుకున్నాను. బస్సులో వస్తూ ఆ మాటే పలికి చూసుకున్నాను. కానీ ఆమె అడిగింది. ఈ వారంలో ఎవరైనా సరైన మనిషిని సరైన మాట అడగడం ఇదే మొదటిసారి.

“రొండిన ఉల్లిగడ్డ ఉంది. వాళ్లు పెట్టారు. నేను తీసుకుపోయిందే. వడదెబ్బ అని రాసిచ్చాను.”

ఏడవలేదు. చేతికందిన రాయి తీసుకుని దంతపు గాజులు ఒక్కొక్కటే పగలగొట్టింది. రెండు చేతులవీ. నాన్న అరుగు మీద నిలబడి చూస్తున్నాడు, ఆనీ ఆనని కళ్లతో. అయిపోయాక ఆమె లేచి, తండా దిక్కు నడిచి వెళ్లిపోయింది.

ఆరు రోజులుగా ఆమె కూర్చున్న చోట మట్టి నున్నగా ఉంది. అక్కడ ఇప్పుడు ఉత్త ఎండ ఉంది.

ఇక అసలు పంచనామా. పైకి పంపేది కాదు.

మృతుడు: దేవ్‌సింగ్, తండా నివాసి. స్థలం: మిర్యాలగూడ క్యాంపు వెనక రేకుల షెడ్డు. మణికట్లకు తాడు గుర్తులు. ఉల్లిగడ్డ మరణానంతరం పెట్టబడింది. పెట్టినవాడు మున్షీ. తెచ్చినవాడు, రాసినవాడు ఒకడే. కారణం: పదిహేడు వాక్యాలు. పంచులు లేరు.

ఈసారి మేటరు ముందు రాశాను. ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. అడుగున సంతకం చేయబోతే అందమైన ఖత్తు గుర్తొచ్చి చెయ్యి సాగలేదు. బొటనవేలికి సిరా రాసుకుని అద్దుతున్నాను.

నిశాని, దశరథ, బి.ఏ.